పుస్తకంలో ఉన్నాడు, ఊళ్లో లేడు

మాన్వి బస్టాండు దగ్గర నలభై ఏళ్లుగా నేను మోటారు వైండింగు కొట్టు నడుపుతున్నాను. ఈ ఊళ్లో కాయిల్ చుట్టేవాళ్లు ఎందరో, బేరింగులు మార్చేవాళ్లు ఎందరో, వాళ్లలో పనివాడెవరో, మాటకారి ఎవరో నాకు తెలుసు. కొందరు నా దగ్గర పని నేర్చుకుని నాకే పోటీగా కొట్టు పెట్టినవాళ్లు. అందుకే మొన్న ఆశ్వయుజంలో మా క్యాంపు రైతు ఒకాయన ఫోను తెరిచి, “బాబాయ్, ఈ కొట్టు ఎక్కడో కాస్త చూపించు” అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తెరమీద “మాన్వి, బస్టాండు ఎదురుగా, మోటారు వైండింగు, పంపుసెట్ల మరమ్మతు, 24 గంటల సేవ” అని ఉంది. కింద ఐదు చుక్కల మెప్పు, కింద ఒక నంబరు. బస్టాండు ఎదురుగా ఉన్నవి ఒక టీ కొట్టు, ఒక మందుల షాపు, ఒక సెల్ ఫోన్ల కొట్టు. ఆ పేరుగల వైండింగు కొట్టు ఈ వీధిలో ఏనాడూ లేదు.

నవ్వుతూ తలెత్తి ఆయన ముఖం చూశాను. నవ్వు ఆగిపోయింది.

జరిగింది ఇది. ఆయన పొలం తుంగభద్ర ఎడమగట్టు కాలువ చివరి భూముల్లో ఉంది. పైవాళ్లు తాగగా మిగిలితే మాకు నీళ్లు అన్నది మాన్వి, సిరవార రైతులకు తాతల నాటి పాట. కాలువలో ఉన్న కాసిని నీళ్లను మోటారుతో ఎత్తిపోసుకుంటేనే పంట. వరి పొట్టమీద ఉన్న రోజుల్లో ఐదు హెచ్.పి. మోటారు కాలిపోయింది. ఆ రెండు రోజులూ నేను బంధువుల పెళ్లికి వెళ్లి కొట్టు మూశాను. మూసిన తలుపు చూసి ఆయన అక్కడే నిలబడి ఫోనులో వెతికాడు. వెతికితే మొదట వచ్చిన పేరు ఇది.

ఫోను చేస్తే ఒక కుర్రాడు కన్నడంలో పలికాడు. ఈయన కన్నడం యాసను బట్టి పోల్చుకున్నాడో ఏమో, వెంటనే తెలుగులోకి దిగాడు. “అన్నగారూ, మాదీ భీమవరం దగ్గరేనండి. మనవాళ్లకు పని చేసిపెట్టడం కంటేనా? మేస్త్రీని పంపిస్తాను, సామానుకు కొంచెం పంపండి” అన్నాడు. పదిహేను వందలు పంపాడు ఈయన. ఆ సాయంత్రం రాగి తీగ ధర పెరిగిందంటూ మరో రెండు వేలు. మర్నాడు బండి సింధనూరు దగ్గర ఆగిపోయిందన్నారు. మూడోనాడు నంబరు పలకలేదు. మూడువేల ఐదు వందలు పోతే పోయాయి. మూడు రోజులు ఎండిన పొట్టదశ వరి సంగతి వ్యవసాయం తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు. రెండెకరాల్లో సగానికి సగం తాలు.

చివరికి ఆ మోటారు చుట్టి ఇచ్చింది బస్టాండు వెనుక సందులోని ఒక కన్నడ కుర్రాడు. అతని కొట్టుకు బోర్డు లేదు. ఏ జాబితాలోనూ పేరు లేదు. రేకుల కింద కూర్చుని రాత్రి పదింటిదాకా పని చేసి, మామూలు కూలి తీసుకుని పంపాడు. జాబితాలో ఉన్నవాడు ఊళ్లో లేడు. ఊళ్లో ఉన్నవాడు జాబితాలో లేడు. నా ఈ వ్యాసమంతా ఈ రెండు మాటల గురించే.

“కాలం మారిందండీ, ఈ ఇంటర్నెట్టు వచ్చాక మోసాలు పెరిగాయి” అని మన పెద్దలు నిట్టూరుస్తారు. నేను ఆ నిట్టూర్పుతో ఏకీభవించను. ఇది పాత రోగం, కొత్త చొక్కా వేసుకుంది. టెలిఫోను జాబితా పుట్టిన నాటినుంచీ దాన్ని ఆశ్రయించుకుని ఈ అబద్ధం బతుకుతూనే ఉంది.

లోకంలో మొదటి టెలిఫోను జాబితా 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో వెలువడింది. ఒకే ఒక్క కాగితం, యాభై పేర్లు. ఊరు చిన్నది, ఎవరెవరో అందరికీ తెలుసు, అబద్ధానికి చోటు లేదు. ఊళ్లు పెరిగాయి, పేర్లు పెరిగాయి. 1886లో షికాగోలో డానెల్లీ అనే ఆయన వ్యాపారుల పేర్లను వృత్తులవారీగా విడదీసి పసుపు కాగితాల పుస్తకం వేశాడు. అక్కడినుంచి జాబితా అనేది కేవలం సమాచారం కాదు, సరుకు అయింది. ముందు ఎవరి పేరుండాలి, ఎవరి పేరు పెద్దక్షరాల్లో ఉండాలి అన్నదానికి ధర వచ్చింది. అక్షరక్రమంలో ముందుండడానికి కొట్లకు “ఏ”, “ఏఏ”, “ఏ వన్” అని పేర్లు పెట్టుకునే వింత ఆచారం పుట్టింది. పనితనం ముందుండాల్సిన చోట అక్షరం ముందు నిలిచింది.

ఇంకో కథ కూడా మన వైండింగు వాళ్లం గుర్తుంచుకోదగ్గది. కాన్సస్ సిటీలో స్ట్రోజర్ అనే ఆయన శవసంస్కారాల వ్యాపారం చేసేవాడు. తనకోసం వచ్చే ఫోన్లను ఎక్స్చేంజిలో కూర్చున్నవాళ్లు పోటీదారుకు కలుపుతున్నారని ఆయన అనుమానం. ఆ కోపంతో మనిషి అక్కర్లేకుండా తనంతట తానే నంబరు కలిపే యంత్రాన్ని కనిపెట్టి 1891లో పేటెంటు పొందాడని చెబుతారు. అంటే ఆటోమేటిక్ ఎక్స్చేంజి వెనుక ఉన్నది ఒక చిన్న వ్యాపారి కడుపుమంట. నన్ను వెతుక్కుంటూ వచ్చిన మనిషిని ఇంకొకడు దారి మళ్లిస్తున్నాడన్న మంట. ఆ మంట ఈవేళ నాకు బాగా అర్థమవుతోంది. స్ట్రోజర్ యంత్రం మధ్యలోని మనిషిని తీసేసింది. నూట ముప్పై ఏళ్ల తరువాత ఆ మధ్యమనిషి మళ్లీ వచ్చి, ఈసారి మన జేబులోనే కూర్చున్నాడు.

ఇక నా సొంత గోడు. 1993లో నా కొట్టుకు ఫోను వచ్చింది. ఆ మరుసటేడు సంచీ తగిలించుకున్న ఒక మనిషి వచ్చాడు. చేతిలో నడిచే వేళ్ల బొమ్మ ఉన్న ఫారం. “టెలిఫోన్ డైరెక్టరీ అండి, మీ కొట్టు పేరు వేస్తాం” అన్నాడు. టెలిఫోన్ డైరెక్టరీ అంటే సర్కారు వారిదేననుకున్నాను. రసీదు కూడా అచ్చం ఫోను బిల్లులా ఉంది. ఆరు వందలు కట్టాను. ఆనాటికి అది నాకు వారం సంపాదన. ఏడాది తరువాత ఒక పుస్తకం చేరింది. అందులో నా కొట్టు “మోటార్ వెడ్డింగ్ వర్క్స్” అని పెళ్లి మంటపాల వరసలో పడి ఉంది. ఇంగ్లీషులో వైండింగుకు, వెడ్డింగుకు తేడా తెలియని మహానుభావుడెవరో కూర్చాడు. ఆ మాఘమాసంలో ఇద్దరు ముగ్గురు ఫోను చేసి మంటపం అద్దె ఎంతని అడిగారు. ఇంట్లోవాళ్లు ఈ మాట తలుచుకుని ఇప్పటికీ నవ్వుతారు. ఆ ఆరు వందలూ వసూలు చేసినవాడు ఎక్కడివాడో, ఎవరి మనిషో నాకు ఈనాటికీ తెలియదు. రసీదుమీద ఉన్న చిరునామాకు రాసిన కార్డు తిరిగి వచ్చింది.

ఆ నడిచే వేళ్ల బొమ్మ సంగతి తరువాత తెలిసింది. అమెరికాలో ఆ గుర్తును ప్రచారంలోకి తెచ్చిన టెలిఫోను కంపెనీ దాన్ని తన సొత్తుగా నమోదు చేసుకోలేదు. కాబట్టి ఎవడైనా వాడుకోవచ్చు. అక్కడ కూడా ఆ బొమ్మ వేసిన దొంగ బిల్లులు చిన్న వ్యాపారులకు పంపి డబ్బు గుంజేవాళ్లు పుట్టుకొచ్చారు. బొమ్మ చూసి నమ్మినవాడు నేనొక్కణ్ణే కానని తెలిసి కొంత ఊరట కలిగింది. ఊరటే తప్ప ఆరు వందలు రాలేదు.

ఇప్పుడు, పాఠక మిత్రులారా, చెప్పకుండా దాటేయాలనిపించే మాట ఒకటి చెబుతాను. ఇతరుల తప్పు మీద ఇంత గొంతు చేసుకుంటున్నవాణ్ణి, నా తప్పు కప్పిపెట్టుకుంటే నా రాతకు విలువ లేదు.

మూడు నాలుగేళ్ల తరువాత ఇంకొకడు వచ్చాడు. ఈసారి పుస్తకం నిజమైనదే, అచ్చు కూడా సరిగ్గానే పడింది. అయితే వాడొక సలహా చెప్పాడు. “మాన్వి అని ఒక్కటే వేస్తే ఎవరు చూస్తారండీ? రాయచూరు బ్రాంచి అని కూడా వేయించండి” అన్నాడు. రాయచూరులో నాకు బ్రాంచి లేదు, బావమరిది ఇల్లుంది. ఆ ఇంటి చిరునామా వేయించాను. అప్పుడది నాకు వ్యాపార మెళకువ అనిపించింది. కొన్ని నెలలకు గద్వాల వైపునుంచి ఒక పెద్దాయన కాలిన మోటారును బస్సు మీద వేసుకుని రాయచూరు వచ్చి, ఆ చిరునామా పట్టుకుని మా బావమరిది గడప ఎక్కాడు. ఇంట్లో మా చెల్లెలి వరస ఆమె పిండి రుబ్బుకుంటూ ఉంది. “కొట్టు ఇక్కడ కాదు, మాన్విలో ఉంది” అని చెబితే ఆయన మోటారును మళ్లీ బస్సెక్కించి నలభై కిలోమీటర్ల పైబడి నా దగ్గరకు వచ్చాడు. ఏమీ అనలేదు. మోటారు దించి, “ఊరు సరిగ్గా రాయొచ్చు కదా అయ్యా” అన్నాడు, అంతే. నేను కూలి తీసుకోలేదు. తీసుకోనంత మాత్రాన ఆయన పోగొట్టుకున్న పూట తిరిగి వచ్చిందా?

కనుక ఈ వ్యాసం సత్యహరిశ్చంద్రుడు రాస్తున్నది కాదు. చిన్న అబద్ధం ఆడి, దాని బరువును ఇంకొకడు భుజాన మోయగా చూసినవాడు రాస్తున్నది. పుస్తకంలో ఒక వంకర మాట అచ్చేస్తే ఆ వంకర ఎవరో ఒకరి కాళ్ల కింద తేలుతుంది. మాటల వ్యాపారం చేసే మన సాహితీపరులకు ఇది కొత్త విషయం కాదనుకుంటాను.

“చదువు లేనివాళ్లు మోసపోతారండీ, దానికేం చేస్తాం?” అనే మాట నేను చాలా నోళ్ల విన్నాను. యూరపు సంగతి వినండి. అక్కడ చిన్న వ్యాపారులకు, డాక్టర్లకు, బడులకు కూడా ఒక ఫారం వచ్చేది. “మీ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం చేసి పంపండి, ఉచితం” అన్నట్లుండేది. కింద చీమల్లాంటి అక్షరాల్లో, సంతకం పెడితే మూడేళ్లపాటు ఏడాదికి సుమారు వేయి యూరోలు కట్టాలని ఉండేది. స్పెయిన్ నుంచి నడిచిన ‘యూరోపియన్ సిటీ గైడ్’ ఇందులో పేరు మోసింది. బాధితులనుంచి నాలుగు వందలకు పైగా అర్జీలు యూరోపియన్ పార్లమెంటుకు చేరాయి. 2008 డిసెంబరు 16న ఆ పార్లమెంటు ఈ మోసపు డైరెక్టరీల మీద ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చింది. ఆ సంతకాలు పెట్టినవాళ్లంతా చదువుకున్నవాళ్లే. మోసానికి చదువు అడ్డం కాదు. మోసం ఎప్పుడూ నమ్మకం ఎక్కడుందో అక్కడికే పోతుంది. టెలిఫోను డైరెక్టరీ అన్న మాటమీద లోకానికి నమ్మకం ఉంది, అందుకే దొంగ ఆ మాటను తొడుక్కుంటాడు.

మన దేశంలో ఏం జరిగింది? డైరెక్టరీల గురించి మనవాళ్లు సుప్రీంకోర్టు దాకా పోట్లాడారు. టాటా ప్రెస్ వారు బొంబాయిలో పసుపు పుటల పుస్తకం వేస్తుంటే, మహానగర్ టెలిఫోన్ నిగమ్ వారు “చందాదారుల జాబితా వేసే హక్కు టెలిగ్రాఫ్ నిబంధనల ప్రకారం మాదే, ఇతరులు వేయరాదు” అని అడ్డుకున్నారు. 1995 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వ్యాపార ప్రకటన కూడా రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని, టాటా వారి పుస్తకం వ్యాపార ప్రకటనల కూర్పే గాని నిబంధనల్లో చెప్పిన టెలిఫోను జాబితా కాదని, దాన్ని ఆపడం కుదరదని తేల్చింది. ప్రకటన ద్వారా సమాచారం అందుకోవడం కొనేవాడి హక్కు కూడానని చెప్పింది.

తీర్పు గొప్పది. ప్రకటనల వ్యాపారులు ముప్పై ఏళ్లుగా దాన్ని జెండాలా మోస్తున్నారు. అయితే జెండా రెండో వైపు చూపించరు. మోసపుచ్చే, తప్పుదారి పట్టించే, అసత్యమైన ప్రకటనకు ఈ రక్షణ వర్తించదని, దాన్ని ప్రభుత్వం అదుపు చేయవచ్చునని అదే తీర్పు చెప్పింది. కొనేవాడికి సమాచారం పొందే హక్కు ఉన్నదంటే నిజమైన సమాచారం పొందే హక్కనే కదా అర్థం? బస్టాండు ఎదురుగా లేని కొట్టును ఉన్నట్లు చూపించడం ఏ స్వేచ్ఛ కిందికి వస్తుంది? నా మటుకు నాకు ఆ వ్యాజ్యంలో ఒక వింత కనిపిస్తుంది. పుస్తకం ఎవరు అచ్చు వేయాలి అన్నదానికి ఇంత పోరాటం జరిగింది. పుస్తకంలో ఉన్నవాడు ఊళ్లో ఉన్నాడా లేడా అన్నది వెళ్లి చూసిరావడానికి మాత్రం ఒక్క మనిషిని పెట్టినవాళ్లు లేరు.

చట్టం లేదా అంటే ఉంది. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటన ఇచ్చినవాడికి పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర సంస్థకు ఇచ్చారు. ప్రచురించినవాడి మీద కూడా జరిమానా వేయవచ్చు. అయితే వెంటనే ఒక వెసులుబాటు ఉంది. ప్రచురించినవాడు “మా రోజువారీ వ్యాపారంలో భాగంగా వేశాం” అని నిరూపించుకుంటే బయటపడవచ్చు. ఆ ప్రకటనను తొలగించమనే ఉత్తర్వు సంగతి ముందే తెలిసుంటేనే ఆ సాకు చెల్లదు. జాబితా వేయడమే రోజువారీ వ్యాపారంగా ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? గొడుగు పట్టి పందిట్లో కూర్చోబెట్టినట్లే. ఇక అబద్ధం రాసినవాడి సంగతి సరేసరి, వాడికి ఊరూ లేదు, పేరూ లేదు, నోటీసు ఎక్కడికి పంపుతారు?

ఇప్పటి జాబితాల లోగుట్టు కాస్త చెబుతాను. ఇది తెలుసుకోకపోతే మన కోపం గాలిలో కలుస్తుంది. ఒకనాటి డైరెక్టరీలో నంబరే ఊరిని చెప్పేది. 08532 అంటే రాయచూరు, ఇంకెవరూ కాదు. తీగ ఆ ఊరి స్తంభానికి కట్టి ఉండేది. సెల్ ఫోను నంబరుకు ఊరు లేదు. ఎక్కడో గదిలో కూర్చున్న కుర్రాడు ఒక పేరు కల్పించి, పటంలో మన బస్టాండు మీద ఒక సూది గుచ్చి, తన నంబరు ఇస్తాడు. అదే కుర్రాడు మాన్విలో వైండింగు కొట్టు, సింధనూరులో ఫ్రిజ్ మరమ్మతు, గంగావతిలో తాళాల మేస్త్రీ. కొన్ని చోట్ల నేరుగా దోపిడీ. మరికొన్ని చోట్ల మనం ఫలానాది కావాలని అడిగిన మరుక్షణం మన నంబరును నలుగురైదుగురు వ్యాపారులకు అమ్ముతారు, ఇక రోజంతా మన ఫోను మోగుతూనే ఉంటుంది. అడిగింది మనం, అమ్ముడుపోయిందీ మనమే.

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే కాదు. 2019 జూన్‌లో అమెరికా పత్రిక వాల్‌స్ట్రీట్ జర్నల్, గూగుల్ పటంలో ఏ రోజు చూసినా కోటి పైచిలుకు దొంగ వ్యాపారాల పేర్లు ఉంటాయని రాసింది. 2018లో ముప్పై లక్షలకు పైగా దొంగ పేర్లు తీసేశామని గూగుల్ వారే చెప్పుకున్నారు. తీసేసినందుకు మెచ్చుకుందాం. అయితే ముప్పై లక్షల దొంగలు లోపలికి వచ్చిన గుమ్మానికి తలుపు ఎందుకు లేదని అడగకూడదా? ఇంకా ముందు సంగతి. అమెరికాలో పూలకొట్ల వాళ్లు ఇదే బాధ పడ్డారు. ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ చిన్న ఊరి డైరెక్టరీలో ఆ ఊరి నంబరుతో, ఆ ఊరి పేరుతో పూలకొట్టులా కనిపించేది. ఆ ఊళ్లో పూలు పెంచేవాడి బేరం పోయేది. అక్కడ అనేక రాష్ట్రాలు ఊరుకోలేదు, డైరెక్టరీలో లేని ఊరిని ఉన్నట్లు చెప్పుకోవడం నేరమని చట్టాలు చేశాయి. పూలకు ఉన్న చట్టం పొలానికి ఎందుకు ఉండకూడదు?

మన రిజర్వు బ్యాంకు వారు 2022 మార్చిలో ‘బీ అవేర్’ అని ఒక చిన్న పుస్తకం వెలువరించారు. వెతికితే కనిపించే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగవి ఉంటాయని, అసలు సంస్థ వారి సొంత పుటలోనే చూసుకోమని అందులో హెచ్చరించారు. హెచ్చరిక మంచిదే. అయితే హెచ్చరికలన్నీ కొనేవాడికే ఎందుకు? రోడ్డుమీద గొయ్యి తవ్వినవాణ్ణి వదిలేసి నడిచేవాడికి “కళ్లు తెరుచుకుని నడువు” అని పాఠం చెప్పడం ఏ నీతి? కాలువ చివర మోటారు కాలిపోయి, పొట్టమీద ఉన్న పైరు ముందు నిలబడ్డ రైతుకు పుటలు తిరగేసి నిజానిజాలు తేల్చుకునే తీరిక ఉంటుందా? ఆపదలో ఉన్నవాడు మొదటి పేరుకే ఫోను చేస్తాడు. ఆ సంగతి జాబితావాడికి తెలుసు. తెలిసే మొదటి పేరుకు ధర కట్టాడు.

“ఊరికే ఇస్తున్నారు కదండీ, ఊరికే వచ్చినదానిలో తప్పులెందుకు?” అనే మరో వాదం ఉంది. ఊరికే ఎవరూ ఇవ్వడం లేదు. పైన కనిపించడానికి వ్యాపారి కడుతున్నాడు, ఆ ఖర్చు కూలిలో కలిపి రైతు కడుతున్నాడు. బోర్డు కూడా లేని ఆ కన్నడ కుర్రాడు మాత్రం కట్టలేక కిందికి, ఇంకా కిందికి జారిపోతున్నాడు. ఇందులో నష్టపోతున్నది కొనేవాడొక్కడే కాదు, నిజాయితీగా పని చేసేవాడు కూడా. ఈ రెండో నష్టం ఎవరికీ కనిపించదు.

ఇక మన పత్రిక పాఠకులతో విడిగా మాట్లాడవలసిన మాట. ఆ రైతును పడగొట్టింది అసలు జాబితా కాదు. “మాదీ భీమవరం దగ్గరేనండి” అన్న ఒక్క వాక్యం. మా నాన్న తరం గోదావరి జిల్లాల నుంచి ఈ కాలువ కిందికి వచ్చినప్పుడు చుట్టూ ముళ్లకంప, నల్లరేగడి. పొరుగు క్యాంపులో తెలుగు మాట వినిపిస్తే ప్రాణం లేచివచ్చేది. ఆ మాట మీద అప్పులు ఇచ్చుకున్నారు, విత్తనాలు ఇచ్చుకున్నారు, పిల్లలను ఇచ్చుకున్నారు. పాత నిజాం రాజ్యంలో ఉన్న నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలదీ అదే తీరు. 1956 నవంబరు తరువాత గీత అటు పడ్డా ఇటు పడ్డా, మాట మాత్రం పూచీకత్తుగా నిలిచింది. అల్పసంఖ్యాకులకు భాష అంటే పద్యాలూ కథలూ మాత్రమే కాదు, అదొక నమ్మకం. ఈనాడు దొంగ ఆ నమ్మకాన్నే ఎరగా వాడుతున్నాడు. ఫోను ఎత్తగానే మన యాస పసిగట్టి మన యాసలోకి దిగడం వాడికి నేర్పిన విద్య.

అలాగని తెలుగు వినగానే ఉలిక్కిపడమని నేను చెప్పడం లేదు. మనవాడు అనే మాటకు కొలబద్ద మార్చుకోమంటున్నాను. ముంచినవాడు తెలుగు మాట్లాడాడు. ఆదుకున్నవాడు కన్నడం మాట్లాడాడు. వీళ్లలో మనవాడెవడు? పిలిస్తే ముఖం చూపించేవాడు, పని చెడితే రేపు మళ్లీ నిలదీయడానికి అదే చోట ఉండేవాడు మనవాడు. ఈ ఒక్క కొలత పెట్టుకుంటే సగం మోసాలు గుమ్మం దగ్గరే ఆగుతాయి.

ఊరి పేరు కూడా చిన్న విషయం కాదు. మాన్వి అంటే కన్నడనాట పద్దెనిమిదో శతాబ్దపు జగన్నాథదాసుల వారి ఊరు, ‘హరికథామృతసార’ కర్త ఊరు. ఆ పేరుకు రెండు వందల ఏళ్లకు పైబడిన గౌరవం ఉంది. ఆ గౌరవం ఊరంతటి ఉమ్మడి సొత్తు. ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు దాన్ని తన అబద్ధానికి అతికించుకుంటే ఊరు మొత్తానికి చెడ్డపేరు. “పేరు గొప్ప ఊరు దిబ్బ” అన్నారు పెద్దలు. ఇక్కడ పేరూ దొంగదే, ఊరూ దొంగిలించిందే.

నేను అడుగుతున్నవి నాలుగే. జాబితాలో ఊరి పేరు వేసుకోవాలంటే ఆ ఊళ్లో మనిషి ఉన్నట్లు ఎవరో ఒకరు వెళ్లి చూడాలి, చూసిన తేదీ పేరు పక్కన వేయాలి. డబ్బు తీసుకుని పైన పెట్టిన పేరుకు, డబ్బు తీసుకున్నామని మన భాషల్లో, మనకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో రాయాలి. అబద్ధపు పేరని ఒకరు తెలియజేసిన తరువాత కూడా ఉంచితే, “రోజువారీ వ్యాపారం” అనే సాకు చెల్లకూడదు, ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఫిర్యాదు తీసుకునేవారు తెలుగులో చెప్పినా, కన్నడంలో చెప్పినా రాసుకోవాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. బియ్యం బస్తా మీద మిల్లు పేరు ఉండాలంటున్నాం, మందు సీసా మీద తయారీ తేదీ ఉండాలంటున్నాం. పేరుకు, ఊరికి ఆ పాటి పూచీ ఉండొద్దా?

అవి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. మా రైతు సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు. “చదువుకున్నవాడివి నువ్వెలా పడ్డావయ్యా అంటారు బాబాయ్” అన్నాడు. ఆ సిగ్గే దొంగకు పెట్టుబడి. డబ్బు పోయిన గంటలోనే 1930కి ఫోను చేస్తే దారిలో ఉన్న డబ్బును ఆపే వీలు కొంతైనా ఉంటుంది. ఆయన చేయలేదు, ఆ నంబరు ఆయనకు తెలియదు. తప్పుడు ప్రకటనల మీద 1915కి చెప్పుకోవచ్చు. ఈ రెండు నంబర్లనూ మీ ఇంట్లో ఫోను ఛార్జింగు పెట్టే చోట గోడమీద రాసుకోండి. మోసపోయినవాణ్ణి చూసి నవ్వకండి.

మొన్న దీపావళి తరువాత నా కొట్టు ముందు ఒక నల్లబోర్డు పెట్టాను. ఈ చుట్టుపక్కల మోటార్లు చుట్టేవాళ్లు, పంపుసెట్లు విప్పేవాళ్లు, స్టార్టర్లు బాగుచేసేవాళ్ల పేర్లు, ఎవరు ఏ సందులో ఉంటారు, మామూలు కూలి ఎంత, అన్నీ వాళ్లను అడిగి, వెళ్లి చూసి, తెలుగులోనూ కన్నడంలోనూ సుద్దతో రాశాను. నాకు పోటీగా ఉన్నవాళ్ల పేర్లూ ఉన్నాయి. బోర్డు లేని కుర్రాడి పేరు అందరికంటే పైన రాశాను, నా పేరు అడుగున ఉంది. నేను ఊరికి వెళ్లి కొట్టు మూసినా ఆ బోర్డు బయటే ఉంటుంది. ఎవరైనా కొట్టు ఎత్తేస్తే ఆ సాయంత్రమే తుడిచేస్తాను.

ప్రతి క్యాంపులో, ప్రతి బడి గోడమీద, ప్రతి ఎరువుల కొట్టు ముందు ఇలాంటి బోర్డు ఒకటి పెట్టండి. ఎవరిది వాళ్లు కాదు, అందరిదీ కలిపి. రాసేముందు మాత్రం ఒక్కసారి వెళ్లి చూసి రాయండి. “ఊరు సరిగ్గా రాయొచ్చు కదా అయ్యా” అని ఇంకో పెద్దాయన చేత ఎవరమూ అనిపించుకోవద్దు.